చర్చ: బుల్లెట్ ఇంజనుతో బోర్డ్ ట్రాక్ రేసర్ కడుతున్నాను, బ్రేకు ఉంచాలా, తీసేయాలా?

తోటబండి

అందరికీ నమస్కారం. 1910 తర్వాత అమెరికాలో చెక్క పలకల ట్రాకుల మీద పరుగెత్తిన పందెపు బండ్ల తీరులో ఒక బండి కట్టుకుంటున్నాను. ఇంజను మా నాన్నగారి పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌ది, 346 సీసీ. రోడ్డెక్కించే ఉద్దేశం లేదు. ఖమ్మం దగ్గర మా మామిడి తోటలో అర కిలోమీటరు మట్టి బాట ఉంది, నడిపినా అక్కడే నడుపుతాను. ఫ్రేము పని సగమైంది. ఫోటోలు చూసిన మిత్రుడొకరు, అసలు బండ్లకు బ్రేకులే లేవనీ, నేను బ్రేకు పెడితే దాన్ని బోర్డ్ ట్రాకర్ అనడానికే వీల్లేదనీ అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఇలాంటి బండి కట్టినవారు, దగ్గరగా చూసినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

మిల్వాకీ వాసి

మీ మిత్రులు చెప్పింది నిజమే. అయితే వారు సగమే చెప్పారు. ఇక్కడి హార్లీ-డేవిడ్‌సన్ మ్యూజియంలో ఏటవాలు చెక్క ట్రాకు ముక్కను అసలు కొలతల్లో కట్టి, దాని మీద ఆనాటి బండ్లను నిలబెట్టారు. కింద నిలబడి తలెత్తి చూస్తే అది దారిలా కాదు, మీదికి ఒరిగిన గోడలా కనిపిస్తుంది. ఆ వాలు మీద వేగమే బండిని పట్టి ఉంచేది, నెమ్మదిస్తే కిందికి జారేది. అందుకే పందెం మధ్యలో బ్రేకు వేయవలసిన అవసరం వారికి రాలేదు. పందెం ముగిశాక ఇంజను ఆపి, రెండు మూడు చుట్లు ఊరికే దొర్లించి దిగేవారు. గేరుబాక్సు, క్లచ్చు కూడా ఉండేవి కావు. ఇంజను నుంచి వెనక చక్రానికి నేరుగా గొలుసే. మరో బండితో లాగించో, తోయించో స్టార్టు చేసేవారు.

ఈ తరహా తొలి పెద్ద ట్రాకును 1910లో లాస్ ఏంజిలిస్ దగ్గర ప్లాయా డెల్ రేలో కట్టారు. కట్టింది జాక్ ప్రిన్స్ అనే మాజీ సైకిల్ పందెగాడు, కనుక ఆ ఆలోచన సైకిల్ పందేల ఏటవాలు ట్రాకు, అంటే వెలోడ్రోము నుంచే వచ్చిందని వేరే చెప్పనక్కర లేదు. ఆ ట్రాకు మీదే 1912 డిసెంబరు 30న లీ హమిస్టన్ ఎక్సెల్సియర్ బండి మీద ఒక మైలును 36 సెకన్లలో చుట్టాడు. సరిగ్గా గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల పైచిలుకు. చక్రానికి మన సైకిలు టైరు కంటే కాస్త లావైన టైరు ఉందంతే. ఇంజను మీకున్నట్టు ఒంటి సిలిండరుది కాదు, 1000 సీసీ వీ-ట్విన్, అంటే V ఆకారంలో రెండు సిలిండర్లున్నది.

పలకలబావి

నాంపల్లి నుమాయిష్‌లో 'మౌత్ కా కువా', అంటే చెక్క బావి గోడ మీద బండి తిప్పే ఆట చూసినవారు ఇక్కడ చాలామందే ఉంటారు. నేను చిన్నప్పుడు పై అంచున కమ్మీ పట్టుకుని చూశాను. బండి దగ్గరకు వచ్చిన ప్రతిసారీ పలకలు దడదడలాడి, ఆ అదురు అరచేతుల్లోకి ఎక్కేది. ఆ బావి ఈ అమెరికా చెక్క ట్రాకులకు (మోటార్‌డ్రోములకు) వారసురాలే. పెద్ద ట్రాకులు కుంచించుకుపోయి, తిరునాళ్లలోకి వచ్చి, ఏటవాలు గోడ నిట్టనిలువైంది.

బ్రేకు సంగతికి వస్తాను. 1912 సెప్టెంబరు 8న న్యూ జెర్సీలోని నెవార్క్ ట్రాకు మీద ఎడీ హాషా అనే పేరుపొందిన రైడరు ఇంజను సరిగా కొట్టకపోవడంతో వంగి సరిచేయబోయాడనీ, ఇంజను ఒక్కసారిగా అందుకుని బండి పై కమ్మీ మీదికి దూసుకుపోయిందనీ చెబుతారు. హాషాతో పాటు మరో రైడరు, కమ్మీకి ఆనుకుని చూస్తున్న పలువురు ప్రేక్షకులు చనిపోయారు. పత్రికలు ఆ ట్రాకులను హంతక ట్రాకులని రాయడానికి కారణం ఇలాంటి ప్రమాదాలే. ఆ వేగంలో బ్రేకున్నా హాషా బతికేవాడని నేను అనను. కానీ బ్రేకు లేకపోవడాన్ని అందంగా భావించే మనకు ఈ కథ తెలిసి ఉండాలి.

ఆటోనగర్ మేస్త్రీ

తోటబండి గారూ, నేను విజయవాడలో ఇలాంటివి రెండు కట్టాను, రెండూ బుల్లెట్ ఇంజన్లతోనే. బ్రేకు మాట తర్వాత చెబుతాను, ముందు ఫ్రేము చూసుకోండి.

ఆనాటి హార్లీ, ఇండియన్ (ఇదీ అమెరికా కంపెనీయే) పందెపు బండ్లలో కొన్నింటికి ఇంజను కింద పైపు ఉండేది కాదు. ముందు పైపు, వెనక పైపు ఇంజను పలకల దగ్గర ఆగిపోయి, మధ్యలో ఇంజనే ఫ్రేములో భాగమయ్యేది. దానివల్ల ఇంజను మరింత కిందికి దిగేది. మన పాత బుల్లెట్ కూడా ఇదే పద్ధతి, ముందు పైపు క్రాంక్‌కేసు (ఇంజను అడుగు పెట్టె) దగ్గరే ముగుస్తుంది. అందుకే ఈ పనికి ఇంతకంటే తగిన ఇంజను మన దగ్గర దొరకదని నా అభిప్రాయం. పైగా ఆయిలు నిలిచే గది కూడా క్రాంక్‌కేసు పోతలోనే ఉంది కనుక వేరే ఆయిలు ట్యాంకు వేలాడదీయనక్కర లేదు. ఇబ్బందల్లా గేరుబాక్సుతోనే. అసలు బండిలో ఇంజను వెనక చోటు బోసిగా ఉంటుంది, మన దాంట్లో అక్కడ గేరుబాక్సు కూర్చుంటుంది. దాన్ని దాచే ప్రయత్నం చేయకండి, ఎంత దాచినా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

మొదటి బండికి ఫ్రేము వెల్డింగు బయట ఒక షాపులో చేయించి చెయ్యి కాల్చుకున్నాను. పేరు అనవసరం. జిగ్గు (పైపులను కదలకుండా పట్టి ఉంచే చట్రం) లేకుండా నేల మీద పెట్టి అతికించారు. చూపుకు బాగానే ఉంది. గుండుదారం వేలాడదీసి చూస్తే వెనక చక్రం ముందు చక్రానికి 11 మిల్లీమీటర్లు పక్కకు ఉంది. ఇరవై రోజులు నడిపాక స్టీరింగు హెడ్డు కింద రంగు మీద వెంట్రుకంత గీత కనబడింది. రంగు గీరితే పగులు. అప్పటినుంచి సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు, సొంత జిగ్గు, ఆర్గాన్ వెల్డింగు తప్ప మరొకటి ముట్టలేదు. హెడ్డు దగ్గర లోపల గొట్టం దూర్చి మరీ అతికిస్తాను.

ఇక బ్రేకు. మీ బుల్లెట్ వెనక చక్రం విప్పి చూడండి. గొలుసు పళ్లచక్రం, బ్రేకు డ్రమ్ము రెండూ ఒకే పోత. బ్రేకు తీసేసినా డ్రమ్ము అక్కడే ఉండాలి, లేకపోతే గొలుసు వేయడానికి పళ్లుండవు. లోపలి బ్రేకు షూలు (డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) తీసినంత మాత్రాన బయటికి కనిపించేది ఏమీ మారదు. కనుక ఈ తగవు ముందు చక్రం గురించే తప్ప వెనక చక్రం గురించి కానే కాదు.

నిప్పుగొట్టం

నా అనుభవం ఒకటి, తప్పు కూడా నాదే. ఆనాటి రైడర్లు థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచి, హ్యాండిలు మీది బొత్తాముతో మాగ్నెటో (ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే పరికరం) నిప్పురవ్వను ఆపుతూ, వదులుతూ వేగం తగ్గించేవారని చదివి, నా బండికి కూడా అలాంటి బొత్తాము పెట్టించుకున్నాను. సైలెన్సరు తీసి జానెడు గొట్టం మాత్రమే ఉంచాను. బొత్తాము నొక్కినప్పుడు మండని పెట్రోలు గొట్టంలోకి పోతుంది, వదలగానే అదంతా ఒక్కసారి అంటుకుంటుంది. మూడోసారికి మూరెడు మంట వచ్చి నా ఖాకీ ప్యాంటు కుడికాలు మోకాలి దాకా నల్లబడింది. ఇరుగుపొరుగు టపాకాయలనుకున్నారు. ఆ బొత్తాము ఇప్పటికీ ఉంది, ఇంజను ఆపడానికి మాత్రమే. పొట్టి గొట్టం వేసుకుంటే కార్బురేటరులో మెయిన్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) కూడా పెంచుకోవలసి వస్తుందని గుర్తుంచుకోండి.

అలాగే ఆ కిందికి వంగిన హ్యాండిలు సీటు కంటే తక్కువ ఎత్తులో ఉంటుంది. ఒంటి బరువంతా మణికట్ల మీదే పడుతుంది. రెండు కిలోమీటర్లకే నా వేళ్లు తిమ్మిరెక్కాయి.

కాగితాల కట్ట

రోడ్డెక్కించనని మొదటే రాశారు, మంచిదే. ఎందుకంటే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పాత ఫ్రేములో ఛాసిస్ నంబరు ఉన్న భాగాన్ని మాత్రం కోయకండి, గీరకండి. దాన్ని అలాగే భద్రపరచండి.

మిల్వాకీ వాసి

ఆయిలు గురించి ఒక మాట మరిచాను. ఆ ఇంజన్లలో ఆయిలు తిరిగి ట్యాంకుకు చేరేది కాదు. కొంత కాలిపోయి, కొంత కారిపోయేది. వెనక వస్తున్నవాడి ముఖం మీద, పలకల మీద అదే. పలకలు జిడ్డుబారి, ఎండకూ వానకూ చీలి, మూడు నాలుగేళ్లలో కుళ్లిపోయేవి. మేస్త్రీ గారు చెప్పినట్టు బుల్లెట్ ఆయిలు పద్ధతిని అలాగే ఉంచేయండి, ఆ విషయంలో అసలుకు విధేయత అక్కర లేదు.

తోటబండి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న చక్రం విప్పి చూశాను, మేస్త్రీ గారు చెప్పినట్టు డ్రమ్ము, పళ్లు ఒకే పోత. షూలు కొత్తవి వేయిస్తున్నాను. ముందు చక్రానికి బ్రేకు లేదు, మట్టి బాట మీద ముందు చక్రం పట్టేస్తే పడిపోవడమే కనుక అది నాకు సమ్మతమే. బ్రేకు పెడలు ఎడమవైపు పాతచోటే ఉంటుంది. మా మిత్రుడికి ఇదంతా చూపిస్తే, 'షూలు మూతలో ఉన్నాయిగా, నాకు కనబడవులే' అన్నాడు.

ఇంకో సందేహం. పై రెండు పైపుల మధ్య వేలాడే పలచటి ట్యాంకును రేకుతో చేయించాను, మూడు లీటర్లు పడుతుంది. మూతి దగ్గర అతుకు చెమ్మగిల్లుతోంది.

ఆటోనగర్ మేస్త్రీ

పెట్రోలు పోసి చూడకండి. ముందు వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, మూతులు మూసి, సైకిలు పంపుతో కొద్దిగా గాలి కొట్టి, అతుకు వెంట సబ్బు నురగ రాయండి. బుడగ లేచిన చోట సున్నంతో గుర్తు పెట్టుకుని నాకు ఫోటో పంపండి. మూతి చుట్టూ అయితే పైనుంచి ఇత్తడి పోస్తే సరిపోతుంది, అడుగున అయితే ఆ పక్క రేకు మార్చవలసిందే.