డీప్ ఫ్రీజర్‌లో ఉన్న కళేబరం నుంచి క్లోనింగ్ కుదురుతుందా? రేచుకుక్క కణాలు దాచాలంటే ఏం చేయాలి?

ఎండాడ_జువాలజీ:
నమస్కారం అండి. విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మన ఇందిరా గాంధీ జూలో రేచుకుక్కల (అడవికుక్కల) సంతతి పెంచే కేంద్రం ఉంది కదా, అందుకని సెమినార్‌కి వాటినే తీసుకున్నాను. చచ్చిపోయిన జంతువును మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో ఏళ్ల తరబడి ఉంచితే, తర్వాత దాన్నుంచి క్లోన్ (అదే జన్యువులున్న నకలు జంతువు) పుట్టించవచ్చా? కుదరకపోతే ఇప్పుడు కణాలు దాచే సరైన పద్ధతి ఏది? ఇలా దాచితే అంతరించిన జాతి నిజంగా తిరిగొస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

మైనస్196:
మామూలు ఫ్రీజర్‌లో పెట్టిన ఒంట్లో బతికున్న కణం ఒక్కటీ మిగలదండి. నీరు గడ్డకట్టేటప్పుడు ముందు కణాల బయట మంచు ఏర్పడుతుంది. మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడి కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. ఉప్పునీరు పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 21 దాటాలి. అంటే మైనస్ 20లో ఇంకా కాస్త ద్రవం మిగిలే ఉంటుంది, ఎంజైములు మెల్లగా పని చేస్తూనే ఉంటాయి. దానికి తోడు ఫ్రాస్ట్ ఫ్రీ రకం ఫ్రీజర్ మంచు వదిలించుకోవడానికి మధ్యమధ్యలో వేడెక్కుతుంది. అలా వేడెక్కినప్పుడల్లా చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవై కణాల పొరల్ని చీల్చేస్తాయి. మైనస్ 130 కిందికి వెళ్తేనే ఈ మార్పులన్నీ దాదాపు ఆగిపోతాయి.

అయినా ఒక్క దారి ఉంది. 2008లో జపాన్‌లోని రికెన్ సంస్థలో వకయామా బృందం, మైనస్ 20లో 16 ఏళ్లు ఉన్న ఎలుకల నుంచి క్లోన్‌లు పుట్టించింది. కణం చచ్చినా కేంద్రకంలో డీఎన్ఏ బాగానే ఉంది కాబట్టి కేంద్రకాన్ని మాత్రమే తీసి అండంలోకి ఎక్కించారు. మెదడు కణాలు అన్నిటికన్నా బాగా పనికొచ్చాయి. నేరుగా పిల్లలు పుట్టలేదు. ముందు ఆ పిండాల నుంచి మూలకణాలు పెంచి, వాటి కేంద్రకాలతో రెండోసారి మార్పిడి చేస్తే అప్పుడు పుట్టాయి. ఎలుక అండాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి ఇది సాగింది. రేచుకుక్కకి ఆ వెసులుబాటు లేదు, అందుకే ఫ్రీజర్‌లోని కళేబరం మీద ఆశ పెట్టుకోవద్దు.

పశువైద్యం_మద్దిలపాలెం:
రెండో ప్రశ్నకి నా జవాబు. బతికున్న జంతువుకి ఏదైనా వైద్యం కోసం మత్తు ఇచ్చినప్పుడే చెవి అంచున చిన్న ముక్క తీయించడం అన్నిటికన్నా మేలు. చనిపోయాకైతే మన తీరపు ఉక్కలో కొన్ని గంటల్లోనే పేగుల్లోని బ్యాక్టీరియా ఒళ్లంతా పాకుతుంది. లోపలి అవయవాలు ముందు పోతాయి, చెవి చర్మం కాస్త ఆలస్యంగా పోతుంది.

వెంట్రుకలు గీసి, సబ్బునీటితో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి ఆరనివ్వాలి. కోసిన ముక్కను మాత్రం ఆల్కహాల్‌లో ముంచకూడదు, కణాలు అక్కడికక్కడే చస్తాయి. 15 మిల్లీలీటర్ల గొట్టంలో డీఎంఈఎం అనే కణాల పోషక ద్రవం నింపి, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ యాంటీబయాటిక్‌లు మామూలు మోతాదుకి రెట్టింపు, బూజు రాకుండా యాంఫోటెరిసిన్ కలిపి ముక్కను అందులో వేయండి. 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఐస్ ప్యాక్‌కి గొట్టం ఆనిందంటే ముక్క గడ్డకట్టి పాడైపోతుంది, మధ్యలో మందపాటి గుడ్డ పెట్టండి. 24 గంటల్లో ల్యాబ్ చేరితే మంచిది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వారి వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్ ఉంది, రాత్రి రైల్లో పంపినా పొద్దుటికి అందుతుంది.

ల్యాబ్‌లో కొవ్వు గీకేసి, ఒక మిల్లీమీటరు ముక్కలు చేసి, 20 శాతం సీరం (రక్తం నుంచి తీసిన పోషక ద్రవం) ఉన్న ద్రవంలో పళ్లేనికి అంటిస్తారు. వారం పది రోజుల్లో ముక్క చుట్టూ ఫైబ్రోబ్లాస్టులు (చర్మంలోని ఒక రకం కణాలు) పాకుతూ కనిపిస్తాయి. రెండు మూడుసార్లు కొత్త పళ్లేనికి మార్చి పెంచగానే దాచేయాలి, ఎక్కువసార్లు పెంచితే క్రోమోజోములు తేడా చేస్తాయి. మిల్లీలీటరుకి 10 లక్షల కణాలు, 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓ (గడ్డకట్టేటప్పుడు కణాల్ని కాపాడే రసాయనం). ఇది కలిపాక బయట ఎక్కువసేపు ఉంచొద్దు, గది వేడిలో డీఎంఎస్ఓ కణాలకి విషం. ఐసోప్రొపనాల్ డబ్బాలో పెట్టి మైనస్ 80లో రాత్రంతా ఉంచితే నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది, మర్నాడు అతి చల్లని ద్రవ నైట్రోజన్‌లోకి మార్చాలి.

వారం తర్వాత ఒక గొట్టం తీసి 37 డిగ్రీల నీటిలో గబగబా కరిగించి చూడండి. ట్రైపాన్ బ్లూ రంగు వేస్తే చచ్చినవి నీలం అవుతాయి. మైకోప్లాస్మా (కణాల్లో కనపడకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష, క్రోమోజోముల లెక్క కూడా తప్పనిసరి, రేచుకుక్కకి 78 ఉండాలి. ఇక అన్నిటికన్నా ముందు అనుమతి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షిత జంతువు, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఉత్తర్వు లేకుండా ముక్క కూడా ముట్టుకోకూడదు.

ఎండాడ_జువాలజీ:
చాలా ధన్యవాదాలు సార్. నైట్రోజన్ లేకపోతే మైనస్ 80లోనే వదిలేయొచ్చా?

పశువైద్యం_మద్దిలపాలెం:
కొద్ది రోజులకి పర్లేదు. నెలలు గడిస్తే బతికే శాతం పడిపోతూ వస్తుంది. ఊళ్లలో గోపాలమిత్రలు వీర్యం గొట్టాలు మోసే నైట్రోజన్ క్యాన్ లాంటిదే దీనికీ సరిపోతుంది. కాకపోతే అది రోజూ ఆవిరవుతుంటుంది. చెక్క స్కేలు అడుగు దాకా దింపి కాసేపాగి తీసి గాల్లో ఊపితే ఎంతవరకు తెల్లగా మంచు పట్టిందో అంతే ద్రవం ఉన్నట్టు. బోలు గొట్టం దింపొద్దు, నైట్రోజన్ పైకి చిమ్మి ముఖం మీద పడుతుంది. ఎప్పుడు నింపారో రాసే పుస్తకం లేని చోట కణాలు పెట్టకండి.

పిండశాస్త్రం:
మూడో ప్రశ్న దగ్గరే అందరూ తడబడతారు. కుక్క జాతుల్లో అసలు ఇబ్బంది అండం. ఆవుకి పక్వమైన అండం విడుదలవుతుంది. కుక్కకి పక్వం కాకముందే విడుదలై, నాళంలో రెండు మూడు రోజులుండి పక్వమవుతుంది. అందుకే ల్యాబ్‌లో పండించడం కష్టం, సమయం చూసి నాళం కడిగి తీయాలి. 2005లో కొరియాలో పుట్టిన మొదటి క్లోన్ కుక్క స్నప్పీ కోసం 1,095 పిండాల్ని 123 కుక్కల్లో పెట్టాల్సి వచ్చింది. తోడేలుని కూడా ఊరకుక్క అండంతో, ఊరకుక్క గర్భంతోనే క్లోన్ చేశారు. కానీ తోడేలు, కుక్క ఒకే ప్రజాతివి. రేచుకుక్క వేరే ప్రజాతి, కాబట్టి అండం, కేంద్రకం పొసగకపోవడం, మాయ (గర్భంలో పిండాన్ని తల్లికి కలిపే భాగం) సరిగా అతకకపోవడం ఇంకా ఎక్కువగా ఎదురవుతాయని లెక్కేసుకోవాలి. ఒకవేళ పుట్టినా దాని మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, సొంత డీఎన్ఏ ఉన్న భాగం) అండం ఇచ్చిన ఊరకుక్కదే అవుతుంది.

అంతరించినవాటిలో నైట్రోజన్‌లో కణాలున్న జాతి వేరు, ఎముకలు మాత్రమే ఉన్న జాతి వేరు. స్పెయిన్‌లోని బుకార్డో అనే కొండమేక మొదటి రకం. 1999లో చర్మం తీశారు, ఆ చివరి ఆడది 2000 జనవరిలో చనిపోయింది, 2003లో క్లోన్ పుట్టి ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లో పోయింది. అది బతికి ఉన్నా జతకి మగది లేదు. మామత్ (అంతరించిన బొచ్చు ఏనుగు) రెండో రకం. మంచులో దొరికినా డీఎన్ఏ తునాతునకలై ఉంటుంది, 2019లో 28,000 ఏళ్ల నాటి యూకా అనే మామత్ కేంద్రకాల్ని ఎలుక అండాల్లో పెడితే కొన్ని కదలికలు కనిపించాయి తప్ప విభజన జరగలేదు. 2025లో డైర్ వుల్ఫ్ (అంతరించిన ఒక తోడేలు లాంటి జంతువు) అని ప్రకటించినవి 14 జన్యువుల్లో 20 మార్పులు చేసిన బూడిదరంగు తోడేళ్లు. వాటిని తిరిగొచ్చిన జాతి అనడం నాకు సమ్మతం కాదు.

మీ సెమినార్‌కి నల్లకాళ్ల ఫెర్రెట్ (ముంగిసలా కనిపించే అమెరికా జంతువు) ఉదాహరణ తీసుకోండి. ఇప్పుడున్నవన్నీ ఏడు జంతువుల సంతతి. 1988లో కణాలు దాచిన విల్లా అనే ఆడదాని వంశం ఆ ఏడింటిలో లేదు. 2020లో దాని క్లోన్ ఎలిజబెత్ ఆన్ పుట్టింది. విల్లా మరో క్లోన్ ఆంటోనియా 2024లో పిల్లల్ని కన్నది. పోయిన జన్యువైవిధ్యం మందలోకి తిరిగొచ్చిందంటే ఇలాగే. కనుక రేచుకుక్కల్లో ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులకంటే ముందు అడవి నుంచి వచ్చినవాటి చర్మం తీయమని మీ ప్రతిపాదనలో రాయండి. ఆడవీ మగవీ రెండూ ఉండాలి, ప్రతి గొట్టం మీద వంశావళి పుస్తకంలోని సంఖ్య చెరగని సిరాతో ఉండాలి, అదే గొట్టాలు రెండు వేర్వేరు ఊళ్లలో దాచాలి.