కాంపౌండింగ్ ఫార్మసీకి ఉన్న గుర్తింపు పత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: డాలస్_తల్లి
నమస్కారం. ఏడాదిన్నర వయసున్న మా బాబుకు గుండె వైద్యులు రాసిన మందు మాత్రగానే దొరుకుతోంది. వాడి బరువుకు తగిన మోతాదులో తాగించాలంటే దానిని ద్రవంగా కలిపి ఇచ్చే కాంపౌండింగ్ ఫార్మసీ కావాలి. మేము రెండింటిని చూశాము. ఒకదాని గోడకు పీసీఏబీ (ఇటువంటి ఫార్మసీల నాణ్యతను పరిశీలించి ఇచ్చే) గుర్తింపు పత్రం ఉంది. రెండవదానికి అది లేదు, కాని అది ఇంటికి దగ్గర, ధరా తక్కువ. హ్రస్వదృష్టి పెరగకుండా మా పెద్దమ్మాయికి రాసిన తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలనూ ఒకేచోట తీసుకోవాలనుకుంటున్నాము. ఆ పత్రం నిజంగా నాణ్యతకు హామీయేనా?

సమాధానం: కల్వం_రోకలి
నేను టెక్సస్‌లో ఇటువంటి ఫార్మసీలోనే పనిచేస్తున్నానండీ. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ఫార్మసీ బోర్డు. పీసీఏబీ గుర్తింపు ఫార్మసీ తనంతట తాను కోరి తెచ్చుకునేది. 2014 నుంచి ఏసీహెచ్‌సీ అనే సంస్థ దీనిని నిర్వహిస్తోంది, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, తాగే మందులు, పూతమందుల వంటి వాటికి ఒక గుర్తింపు, సూక్ష్మజీవిరహితంగా తయారుచేయవలసిన వాటికి వేరొక గుర్తింపు ఉంటాయి. బాబు మందుకు యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం) 795వ అధ్యాయం, అమ్మాయి కంటి చుక్కలకు 797వ అధ్యాయం వర్తిస్తాయి. కనుక పత్రం ఉందా అని కాక, అది దేనికి ఇచ్చినదో చదవండి.

ఈ గుర్తింపు కోసం తనిఖీకి వచ్చినవారు గది ఎంత శుభ్రంగా ఉందో చూడడంతో సరిపెట్టరు. ఈ సీసాలో ఏ లాటు పొడి ఎంత తూచి వేశారు, ఎవరు సరిచూశారు, వాడకపు గడువు తేదీని దేని ఆధారంగా వేశారు అని రికార్డులను తిరగేస్తారు. నీరు ఆధారంగా కలిపిన మందులో అది చెడకుండా కాపాడే నిల్వ పదార్థం లేకపోతే ఫ్రిజ్‌లో ఉంచి 14 రోజులు, ఉంటే 35 రోజులు అన్నది సాధారణ పరిమితి. అంతకు మించిన గడువు వేస్తే, ఏ స్థిరత్వ అధ్యయనాన్ని (మందు ఎన్నాళ్లు చెడకుండా నిలుస్తుందో చూసే పరీక్షను) బట్టి వేశారో అడిగే హక్కు మీకుంది.

సమాధానం: బోస్టన్_పాఠకుడు
పత్రాల మీద అతినమ్మకం వద్దని నా మనవి. 2012లో మా మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్‌లో ఒక కాంపౌండింగ్ కేంద్రం తయారుచేసిన వెన్నునొప్పి స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరి, 20 రాష్ట్రాలలో 753 మంది జబ్బుపడ్డారు, వారిలో 64 మంది మరణించారు. ఆ కేంద్రానికీ లైసెన్సు ఉండేది. ఆ తరువాతే, 2013 నవంబరులో కొత్త చట్టం వచ్చి, రోగి పేరున చీటీ లేకుండా పెద్దమొత్తంలో తయారుచేసే కేంద్రాలకు 503బి అనే వేరు వర్గం ఏర్పడి, అవి అమెరికా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ కిందికి వచ్చాయి. మీరు చెప్పిన తరహా ఫార్మసీ, అంటే రోగి పేరున చీటీని బట్టి మందు కలిపేది, 503ఏ అనే వర్గం కిందికి వస్తుంది; దాని రోజువారీ పర్యవేక్షణ ప్రధానంగా రాష్ట్రానిదే.

సమాధానం: కల్వం_రోకలి
మీరన్నది నిజమే, తనిఖీ ఒక రోజుది, మందు తయారీ ప్రతిరోజుది. అయితే ఆ పత్రం పనికిరానిదనడానికి ఇది చాలదు. సూక్ష్మజీవిరహిత విభాగంలో పనిచేసే మేము తొడుగు వేసుకున్న వేళ్లను పోషక పదార్థం మీద అద్ది, ఏమైనా పెరుగుతుందేమో చూసే పరీక్షను సాధారణంగా ఆరు నెలలకోసారి ఎదుర్కోవాలి. ఆ ఫలితాలను బయటివాడు వచ్చి అడుగుతాడని తెలిసినచోట పని తీరు మారుతుంది, నేను రెండు రకాల చోట్లా పనిచేశాను. (మన ఊళ్లలో కాంపౌండరు సీసాకు గళ్లు కత్తిరించిన కాగితం అతికించి ఇచ్చిన మిక్చరు రోజులు గుర్తున్నవారికి ఇదంతా అతిగా తోచవచ్చు.) ఒకటి మాత్రం మరచిపోకండి: కలిపి ఇచ్చిన మందు ఏదీ ఎఫ్‌డీఏ ఆమోదం పొందినది కాదు, అలా చెప్పుకునే దుకాణం నుంచి వెంటనే బయటికి రండి.

డాలస్_తల్లి
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు వెళ్లి అడిగాను. దగ్గరి ఫార్మసీవారు బాబు మందుకు 90 రోజుల గడువు చెప్పి, ఆధారం అడిగితే "ఎప్పుడూ అంతే వేస్తాం" అన్నారు. దూరపు ఫార్మసీవారు అధ్యయనం ప్రతిని చూపించారు, కాని వారి పత్రం తాగే మందుల విభాగానికే పరిమితమని అప్పుడే చూశాను. కనుక బాబు మందు అక్కడ తీసుకుంటాము. అమ్మాయి చుక్కలకు మాత్రం వెతుకులాట ఇంకా మిగిలే ఉంది.