నవంబరు 14 కార్యక్రమం: ఈసారి పుస్తకం ఇంటిదాకా వెళ్లాలి

మన సంఘంలో అందరికీ నమస్కారమండి. మెల్‌బోర్న్‌లో హాలు దొరికింది. శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా. మనకి మూడంటే కోనసీమలో ఉదయం తొమ్మిదిన్నర. బాలల దినోత్సవమూ, గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజూ అదే.

పోయినేడు డబ్బులు పోగేసి ఊళ్లో బడికి ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు పెట్టెల నిండా పంపాం కదా. సంక్రాంతికి ఊరెళ్లి చూశాను. ఇనుప బీరువా, దానికి తాళం. ఒక్క అట్ట కూడా నలగలేదు. పుస్తకం పోతే ఎవరు కట్టాలని మాస్టారి భయం, ఆయన్ని అనలేం. బడిదాకా పంపి ఊరుకున్నది మనమే.

మా అబ్బాయి ఇక్కడ బడిలో మొదటి ఏడు, అంటే ప్రెప్‌లో ఉన్నాడు. బడి నుంచి సంచిలో ఒక చిన్న పుస్తకం తెస్తాడు, రాత్రి వాడు చదివాక డైరీలో నేను సంతకం పెడతాను. పది నిమిషాల పని. మన లంక ఊళ్లో ఐదో తరగతి దాకా పిల్లలకి ఇదే మొదలుపెడదామని నా ఆలోచన. చెప్పండి.

అమలాపురం అన్న: బాగానే ఉంది గానీ సంతకం ఎవరు పెడతారండి? నవంబరంటే కోతలు. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. ఊళ్లో మా వీధిలోనే మూడిళ్లలో అమ్మలు కువైట్‌లో ఉన్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర. వాళ్లకి చదువు రాదు.

పాలకొల్లు తమ్ముడు: వేలిముద్ర వేయిస్తే?

రాజోలు వదిన: వద్దు బాబూ. రేషన్ దగ్గర వేసేది చాలదా? కార్డు మీద ఏడు గళ్ల చొప్పున ఏడు వరసలు గీయండి. మనవడు చదివిన రాత్రి అమ్మమ్మ పెన్సిలుతో ఒక గడిలో చుక్క పెడుతుంది. 49 చుక్కలూ నిండాక ఇద్దరూ కలిసి ముగ్గు కలుపుతారు. అది ఆవిడకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? భోగికి రెండు నెలలుంది, జ్వరమొచ్చో కరెంటు పోయో పది రోజులు తప్పినా సరిపోతుంది. వినడానికి చదువు అక్కర్లేదు. “ఆ నక్క అలా ఎందుకు చేసిందిరా?” అని ఒక్క మాట అడిగితే చాలు.

కువైట్ అమ్మలకి వాట్సాప్ ఉందిగా. మా ఆడపడుచు కూతురు రెండో తరగతి. రెండు పేజీలు చదివి వాయిస్ మెసేజ్ పంపింది. “రాక్... రాక్‌స...” అని మూడుసార్లు ఆగి, నాలుగోసారి “రాక్షసుడు!” అని అరిచింది. వెనక కోడి కూత. వాళ్లమ్మ దాన్ని ఇప్పటికీ చెరపలేదు.

నేను: చుక్కల కార్డే ఖాయం. అయితే ఒత్తులు తక్కువున్న కథలు ఏరాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి. రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు తీయకుండా ప్రింటు తీసుకోవచ్చు. రాజమండ్రిలోనే వేయిద్దాం, ఇక్కడి నుంచి మోతలు వద్దు.

భీమవరం బాబాయ్: 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. స్టేజి మీద ఆ పడవ పెడదాం.

పాలకొల్లు తమ్ముడు: బాబాయ్, అది కృష్ణా డెల్టా!

భీమవరం బాబాయ్: అయితే ఏమైందిరా? కాటన్ దొర పుణ్యమా అని మనకీ కాలువలున్నాయి. నీళ్లడిగితే గొడవ గానీ పడవడిగితే ఏముంది?

అమలాపురం అన్న: పడవ అట్టతో నేను చేస్తా. ఆ రోజు లైవ్ మాత్రం పెట్టకండి, ఊళ్లో సిగ్నల్ సంగతి తెలిసిందే. పిల్లలు చదివింది ముందే రికార్డు చేయించి తెప్పిద్దాం.

నేను: సరేనండి. ఇంకో మాట, ఎవరూ నొచ్చుకోవద్దు. మన పిల్లలకి మాత్రం ఒత్తులు వచ్చా? మావాడు ‘అమ్మ’ని ‘అమ’ అంటాడు. అదే కథ, అదే కార్డు హాల్లో మన ఇళ్లకీ ఇద్దాం. మనవాళ్లూ చదివి ఆ ఊరి పిల్లలకి వాయిస్ పంపాలి. వాళ్లు తప్పులు దిద్దుతారు, చూడండి.

మాస్టారితో ఆదివారం మాట్లాడతాను. పుస్తకం పోయినా, చిరిగినా, వానకి తడిసినా లెక్క సంఘానిదేనని ముందే చెప్పేస్తాను. ప్రతి కథకీ ఐదు కాపీలు ఎక్కువ వేయిద్దాం. సంచులు గుడ్డవి, లోపల ప్లాస్టిక్ కవరు.

రాజోలు వదిన: పెన్సిలు కూడా సంచిలోనే పెట్టండి. దారం కట్టి మరీ.