క్రిమినల్ కేసులో "ప్రొబేషన్" అంటే మన మాటల్ల ఏమనాలె?

గ్రూపుల పెద్దలందరికీ నమస్తే. నాకు నాంపల్లి దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది, పొద్దున లేస్తే పిటిషన్లు, అఫిడవిట్లు టైపు కొట్టుడే పని, కాబట్టి కోర్టు మాటలు నాకు కొత్త కాదు. కానీ ఈ ఒక్క మాట దగ్గర మాత్రం శాన రోజుల సంది ఆగిపోయిన, అందుకే అడుగుతున్న.

మా బస్తీల ఒక పిల్లగాడు, ఇరవై ఏండ్లు, దోస్తులతోని కలిసి బండి దొంగతనం కేసుల ఇరుక్కున్నడు. మొదటి కేసు. నేరం రుజువైంది గానీ జడ్జిగారు జైలుకి పంపకుండ రెండేండ్లకి బాండ్ రాయించుకొని ప్రొబేషన్ మీద వదిలిండ్రు. ఆ రోజు సాయంత్రం వాళ్లమ్మ మైసూర్‌పాక్ డబ్బా పట్టుకొని షాపుకొచ్చి "కేసు కొట్టేసిండ్రు అన్నా, విడుదల జేసిండ్రు" అన్నది. నేను గూడ సంతోషపడ్డ, కాగితం అడగలే, ఇప్పటికీ ఆ సంగతి నన్ను తింటనే ఉంది. పిల్లగాడు రెండు నెలలకి పుణెల డ్రైవర్ పని దొరికిందని పోయిండు. మూడో నెల దాటినంక సమన్లు వచ్చినయి. అప్పుడు ఆర్డర్ కాపీ తెచ్చింది, మడతలు పడి పసుపు మరకలు అంటి ఉంది, దేవుని పటం ఎనుక పెట్టిందట. మూడో పేజీల ఉన్నయి షరతులు: నెలకోసారి ప్రొబేషన్ ఆఫీసర్ ముందట కనపడాలె, ఇల్లు మారితే ముందుగాల చెప్పాలె, మందు ముట్టొద్దు. ఆమెకి అది ఎవరూ చదివి చెప్పలే. ప్రొబేషన్ ఆఫీసర్ అంటే బ్యాంకు పీఓ, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ అనుకున్నదట, వాళ్ల చెల్లె కొడుకు దానికే కోచింగ్ పోతున్నడు మరి.

తప్పు ఆ తల్లిది కాదు అంటున్న నేను. మనకి ప్రొబేషన్ అంటే ఉద్యోగంల ప్రొబేషన్, డిక్లేర్ అయితే పర్మనెంట్. కేసుల ప్రొబేషన్‌కి మాత్రం మన నోట్ల మాటే లేదు. పేపర్లల్ల "విడుదల" అని రాస్తరు. విడుదల అంటే జనానికి అర్థమయ్యేది ఒక్కటే, అయిపోయింది అని.

విజయవాడ నుంచి ఒక మాస్టారు: పుస్తకాల్లో "పరివీక్ష" అని ఉంది కదండీ. చుట్టూ ఉండి చూడటం అనే అర్థం వస్తుంది, తప్పు మాటేమీ కాదు. "సత్ప్రవర్తనపై విడుదల" అని కూడా రాస్తుంటారు.

మాస్టారూ, పరివీక్ష అని ఆ తల్లికి చెప్తే ఆమె ఇంకో పరీక్ష అనుకుంటది. సత్ప్రవర్తన మాటకి ఇంకో చిక్కు ఉంది. ఆగస్టు 15కో జనవరి 26కో "సత్ప్రవర్తన ఖైదీల విడుదల" అని చదువుతం గదా, అక్కడ వాళ్లు ఏండ్ల తరబడి లోపల ఉండి మంచిగ నడుచుకొని బయటికొస్తరు. అది చూపించిన సత్ప్రవర్తన. ప్రొబేషన్ల ఉన్నది ఇంక చూపించాల్సిన సత్ప్రవర్తన. రెంటికీ ఒకటే మాట వాడేసరికి అసలు సంగతి జారిపోతుంది.

వరంగల్ నుంచి ఒక అన్న: బైండోవర్ అంటే సరిపోదా? ఊర్లల్ల అందరికీ తెలిసిన మాట.

అన్నా, తెలిసిన మాటే గానీ పని వేరే. బైండోవర్‌ల నేరం రుజువు కానక్కర్లేదు, గొడవ చేస్తడేమో అన్న అనుమానం మీద ఎలక్షన్ల ముందట తహసీల్దార్ దగ్గర నిలబెట్టి రాయించుకుంటరు. బెయిల్ గూడ మామూలుగ తీర్పుకి ముందు సంగతే. ప్రొబేషన్ మాత్రం తప్పు చేసినవని తీర్పు వచ్చినంకనే.

హైకోర్టుల ప్రాక్టీసు చేసే ఒక మేడం: మీరు సరిగ్గా పట్టుకున్నారు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 4 ప్రకారం ఉరిశిక్ష, యావజ్జీవం పడే అవకాశం లేని నేరాల్లో కోర్టు వెంటనే శిక్ష వేయకుండా బాండ్ మీద వదలొచ్చు, ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు. ఆఫీసర్ పర్యవేక్షణ పెడితే అది ఏడాదికి తక్కువ ఉండకూడదు. 21 ఏళ్లలోపు వాళ్లకైతే సెక్షన్ 6 ఇంకా గట్టిది, యావజ్జీవం పడని నేరంలో జైలు వేయాలంటే ఎందుకు వేస్తున్నారో కారణాలు రాయాలి, ముందు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి. షరతు తప్పితే సెక్షన్ 9, సమన్లు గానీ వారెంట్ గానీ వస్తుంది, మొదటిసారి తప్పితే 50 రూపాయల దాకా జరిమానా వేసి బాండ్ అలాగే కొనసాగించవచ్చు, లేదంటే అసలు నేరానికే శిక్ష వేయొచ్చు. అక్కడ మళ్లీ దొంగతనం చేశాడా అని చూడరు, మాట తప్పాడా అని చూస్తారు. ఇంకోటి, నేరం రుజువైందన్న తీర్పు చెరిగిపోదు, చట్టం వల్ల వచ్చే అనర్హతలు మాత్రమే సెక్షన్ 12 తీసేస్తుంది.

మేడం, మీరు చెప్పింది చదివి బాండ్ మళ్లా తీసి చూసిన. అందుల ఉన్న మాటే అదేనండి: కోర్టు పిలిచినప్పుడు వచ్చి శిక్ష స్వీకరిస్తా, ఈలోపు శాంతంగా మంచి నడవడితో ఉంటా. అంటే శిక్ష పోలేదు, ఆగింది. "శిక్ష ఆగింది" అని ఒక్క ముక్క ఆ రోజు ఎవరన్న చెప్పి ఉంటే పిల్లగాడు పుణె పోయేటోడా!

డాలస్ నుంచి ఒక తమ్ముడు: అన్నా, ఇక్కడ టెక్సాస్ చట్టంలో దీని పేరు ప్రొబేషన్ కాదు, కమ్యూనిటీ సూపర్‌విజన్, కానీ జనం ప్రొబేషన్ అనే అంటారు. తాగి బండి నడిపి దొరికిన మనవాళ్లు కొందరు ఇందులో ఉంటారు, ఆఫీసర్‌ని కలవాలి, ఫీజు కట్టాలి, మందు పరీక్షలకి పోవాలి. పర్మిషన్ లేకుండా పెళ్లికని ఇండియాకి టికెట్ కొనుక్కున్నా కష్టమే. కొత్త నేరం ఏం చేయకపోయినా ఒక అపాయింట్‌మెంట్ ఎగ్గొడితే చాలు, ప్రొబేషన్ రద్దు చేయమని రివోకేషన్ పిటిషన్ పడొచ్చు, దాని హియరింగ్‌లో మామూలు ట్రయల్ అంత గట్టి రుజువు కూడా అక్కర్లేదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగాలి. ఇంట్లోవాళ్లకి ఫోన్లో "చిన్న ఫైన్ అమ్మా" అని చెప్తారు, అదే బాధ.

తమ్ముడూ, ఆ బాధ అక్కడా ఇక్కడా ఒకటే. మీ దేశం మాట ఎత్తినవు గాబట్టి నేను చదివింది చెప్త. ఈ పద్ధతికి మొదలు బోస్టన్‌ల ఒక చెప్పులు కుట్టే ఆయన, జాన్ అగస్టస్. 1841ల కోర్టుల ఒక తాగుబోతుకి తను జామీను నిలబడి, జైలుకి పోకుండ తీసుకపోయిండు, మూడు వారాలకి మళ్ల తీసుకొచ్చి నిలబెడితే మనిషి మారిండు. లాటిన్‌ల ప్రొబేషన్ అన్న మాటకి పరీక్షించుడు, రుజువు చేసుడు అని అర్థం గానీ, ఆయన చేసిన పనికి మన తెలుగుల చక్కటి మాట ఉంది: పూచీ పడ్డడు.

అందుకే నాకు "పూచీ" దగ్గర మనసు ఆగుతుంది. జామీనుదారు లేకున్నా ఆ మనిషి తనకి తనే పూచీ, రాసిచ్చింది గూడ పూచీకత్తే. ఉర్దూల ముచల్కా, మనోళ్లు ముచ్చలిక అన్నరు, అది పాతబడ్డది గానీ పూచీ ఇంక బతికే ఉంది. "రెండేండ్లు పూచీల ఉన్నడు", "పూచీ తప్పిండు", "పూచీ తీరింది", చూడండి నోట్ల ఎంత సులువుగ తిరుగుతుందో. సొంత పూచీకత్తు అని బెయిల్‌కి రాస్తరు గదా అని మీరనొచ్చు, అందుకే "పూచీ కాలం" అంటున్న, కాలం కలిస్తే ఇంకా అయిపోలేదని తెలుస్తది.

మాస్టారు: పూచీ కాలం... బాగుందండీ. మరి ఆఫీసర్‌ని ఏమంటారు?

అది నాకు తట్టలే మాస్టారూ. ఆయన పని కాపలా ఒక్కటే కాదు, పని ఇప్పించే ప్రయత్నం చేయాలె, సలహా చెప్పాలె అని చట్టంలనే ఉంది. "కనిపెట్టుకొని ఉండేటాయన" అని ఆ తల్లికి చెప్పిన, అర్థమైంది.

పిల్లగాడు పుణె నుంచి వచ్చి కోర్టుల నిలబడ్డడు, మొదటి తప్పని జరిమానాతోని వదిలిండ్రు, బాండ్ నడుస్తనే ఉంది. నిన్న వాళ్లింటికి పోతే గోడకున్న క్యాలెండర్ మీద నెల నెలా ఒక తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతోని గీసి ఉంది, పక్కన ఆమె సొంతంగ రాసుకున్న అక్షరాలు, "పూచి" అని, దీర్ఘం లేకుండ.