“మీకెప్పుడైనా డిప్రెషన్ వచ్చిందా?” అని క్లయింట్ అడిగితే థెరపిస్ట్ జవాబు చెప్పాలా?

గీత_దాటని: చెప్పకూడదనే నా మాట. వైద్యుడు అద్దంలా ఉండాలి, తన లోపలిది చూపకూడదు అని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1912లో రాశాడు. మాట పాతదే, కారణం పాతబడలేదు. “నాకూ వచ్చింది” అనగానే ప్రశ్నలు ఇటు తిరుగుతాయి: ఎప్పుడు? మందులు వాడారా? ఇప్పుడు బాగున్నారా? సెషన్‌లో పది నిమిషాలు పోతే పోనీ, ఆ మరుసటి వారం నుంచి క్లయింట్ తన బాధను తగ్గించి చెబుతాడు, ఎదుటి మనిషిని నొప్పించకూడదని. అసలు నష్టం అదీ.

నిండుకుండ: ఆ నష్టం నిజమేనండీ. కానీ అది చెప్పడం వల్ల కాదు, ఎక్కడ ఆపాలో తెలియక వస్తుంది. సిగ్గుతో కుంచించుకుపోయి అడిగిన మనిషిని ప్రతిసారీ “ఎందుకు అడుగుతున్నారు?” అంటే మొహం మీద తలుపు వేసినట్టే. 2001లో బారెట్, బెర్మన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో ప్రతి థెరపిస్టూ ఒక క్లయింట్ దగ్గర తన సంగతులు చెప్పారు, మరొకరి దగ్గర ఆపుకున్నారు. ఆ సంగతులు విన్న క్లయింట్లకే బాధ ఎక్కువ తగ్గింది. అయితే ఆ చెప్పడం కూడా క్లయింట్ తన విషయం చెప్పుకున్నాకే.

గీత_దాటని: వాళ్లు శిక్షణలో ఉన్న థెరపిస్టులు, ప్రయోగమూ చిన్నది. దాన్ని అందరికీ సూత్రం చేయలేం.

మూడోకుర్చీ: మీరిద్దరూ రెండు వేరు సంగతుల్ని ఒకే మూటలో కడుతున్నారు. “మీరు నవ్వుతూ చెబుతున్నా, వింటుంటే నాకు బరువుగా ఉంది” అనడం కూడా తన గురించి చెప్పడమే. కానీ అది ఆ గదిలో, ఆ క్షణాన పుట్టినది, క్లయింట్ మాట మీదే నిలబడుతుంది. సొంత చరిత్ర అలా కాదు. “నేను బయటపడ్డాను” అన్నది “మరి నువ్వెందుకు పడలేకపోతున్నావు?” అని వినపడవచ్చు.

అందుకే చరిత్ర చెప్పాల్సి వస్తే మానిన గాయమే చెప్పాలి, పచ్చిది వద్దు. రెండు వాక్యాలు చాలు: “అవును, అలాంటి కాలం నాకూ ఉంది. మీ అనుభవం వేరుగా ఉండొచ్చు.” వెంటనే “ఇది విన్నాక మీకెలా ఉంది?” అని అడిగి, మౌనం వచ్చినా ఆగాలి. ఏం చెప్పారో, ఎందుకు చెప్పారో నోట్స్‌లో రాసుకోవాలి. ఎందుకో రాయలేకపోతే సూపర్విజన్‌కు, అంటే అనుభవమున్న మరో థెరపిస్ట్‌తో జరిపే చర్చకు, తీసుకెళ్లాలి.

థెరపిస్ట్ గర్భం, దీర్ఘ సెలవు లాంటివి ఎలాగూ దాగవు, ముందే చెప్పడం మేలు.

గీత_దాటని: ఆ రెండు వాక్యాల వరకు ఒప్పుకుంటాను. చిన్నప్పటి నుంచి తల్లినో తండ్రినో ఓదారుస్తూ పెరిగినవాళ్లకు మాత్రం అవీ వద్దంటాను. రెండో వాక్యం ముగిసేలోపే వాళ్లు మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు.