మోదుగుపూల రంగు ఎట్లా కాయాలి?

మాది కరీంనగర్ వైపు పల్లె. కాముని పున్నమికి, అంటే హోలీకి, వారం ముందు నుంచే పిల్లలం కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాటలు పాడుతూ ఆడేవాళ్లం. బియ్యమో పైసలో పెట్టేదాకా వాకిలి దాటేవాళ్లం కాదు. కాముణ్ణి కాల్చే రాత్రికి తెచ్చిన కట్టెలు, పిడకల్లో అడిగి తెచ్చినవి కొన్నే అనుకోండి!

తెల్లారి చల్లుకునే రంగు మా నాయనమ్మ చేసేది. మోదుగుపూలు కాగులో వేసి కాచి, చివర్లో చిటికెడు ఏదో కలిపితే పసుపు కాస్తా ఎర్రబారేది. అది తమలపాకుకు రాసే సున్నమేనని అమ్మ అంటుంది, కాదు కట్టెల బూడిదని చిన్నాయన. అడుగుదామంటే నాయనమ్మ లేదు.

ఈసారి నా బిడ్డకు ఆ రంగు చూపిద్దామని ఒక సంచెడు పూలు ఏరుకొచ్చాను. సగం కాస్తే లేత పసుపు నీళ్లే వచ్చాయి, బట్టకు అంటనే లేదు. చేసిన అనుభవమున్నవాళ్లు కాస్త చెప్పండి. పచ్చిపూలా, ఎండబెట్టినవా? రాత్రంతా నానబెట్టాలా? సున్నమైతే ఎంత, ఎప్పుడు వేయాలి? పిల్లల ఒళ్లు మండుతుందేమోనని నా భయం. మావారిది గుంటూరు, ఆయనకు జాజిరి అన్న మాటే కొత్త. ఇంట్లో అడిగే దిక్కు లేక ఇక్కడ అడుగుతున్నాను.