పెళ్లికి లేసు శాలువా అల్లాలి: వైజాగ్‌లో ఊలా, కాటనా?

ఊలుబంతి (ఎంవీపీ కాలనీ):
మా ఆడపడుచు కూతురి పెళ్లి మాఘమాసంలో. పెళ్లవగానే పిల్ల అబ్బాయితో ఎడిన్‌బరో వెళ్లిపోతుంది. చీరలు, వెండి సామాను ఎలాగూ అందరూ పెడతారు, నేను మాత్రం చేత్తో అల్లిన లేసు శాలువా ఇద్దామని ఆశ. స్వెట్టర్లు, టోపీలు బాగానే అల్లుతాను, లేసంటే చిన్న స్కార్ఫ్ దాకానే అనుభవం. మధ్యలో ఆకుల డిజైను, చుట్టూ కోసుల అంచు ఉన్న పెద్ద చదరపు శాలువా మీద మనసు పడింది. ఇంట్లో ఏమో "ఈ వైజాగ్ ఉక్కలో ఊలు శాలువా ఎవరు కప్పుకుంటారు, కాటన్‌తో కానిచ్చెయ్" అంటున్నారు. రంగు తెలుపు అనుకున్నా కానీ మా అత్తగారు పెళ్లికి తెల్లదేంటి అంటారేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

గాజువాక కోడలు:
కాటన్ వద్దండీ. లేసు అందమంతా అల్లాక తడిపి, లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టడంలోనే ఉంది. సూది మీంచి దించినప్పుడు ఏ శాలువా అయినా ముడతలు పడ్డ గుడ్డపేలికలాగే ఉంటుంది, చూసి బెంగపెట్టుకోకండి. ఊలు తడిసినప్పుడు సాగి, ఆరాక మళ్లీ తడిపేదాకా ఆ ఆకారంలో నిలబడుతుంది, కన్నాలు తెరుచుకుని డిజైను పైకి తేలుతుంది. కాటన్‌కి ఆ సాగే గుణం లేదు, పైగా బరువు, కప్పుకున్న కొద్దీ కిందికి జారిపోతుంది. అయినా పిల్ల ఉండబోయేది ఎడిన్‌బరోలో అయితే మన ఉక్కతో పనేముంది? ఆ స్కాట్లాండ్‌లోనే కదా షెట్లాండ్ దీవులు, పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నటి లేసు శాలువాలకి పేరున్న చోటు. అక్కడి ఆడవాళ్లు అల్లేది ఊలుతోనే.

మెరినో (మెత్తటి గొర్రె ఊలు), పట్టు కలిసిన లేసు దారం తీసుకోండి, 100 గ్రాములకి సుమారు 800 మీటర్లు వచ్చేది. మీరనుకున్న సైజుకి ఒక్క చుట్ట చాలదు, ఒకే డై లాట్‌లో, అంటే ఒకే విడతలో రంగు వేసిన దారం, అంతా ఒకేసారి కొనేయండి. కొట్లో ఊలు అని ఇచ్చేది చాలాసార్లు అక్రిలికే. చిన్న ముక్క తెచ్చి పళ్లెంలో పెట్టి కాల్చి చూడండి: అసలు ఊలైతే జుట్టు కాలిన వాసన, నలిపితే పొడైపోయే బూడిద. అక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది.

కొక్కెంసూది:
నేను ఒప్పుకోను. మనకి నర్సాపురం లేసు ఉంది, 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, అంతా కాటన్ దారమే, అంతా క్రోషే. దాన్ని వదిలేసి షెట్లాండ్ ఎందుకండీ? క్రోషేలో కొక్కెం మీద ఉండేది ఎప్పుడూ కొద్ది ముడులే, జారినా అక్కడితో ఆగుతుంది. రెండు సూదుల లేసులో ఒక కుట్టు జారితే కింద పది వరసలు విడిపోతాయి. పెళ్లి రోజు ఇక్కడే కప్పుకోవచ్చు కూడా.

గాజువాక కోడలు:
నర్సాపురం పనికి దండమే. కానీ అంత సైజు క్రోషేలో అల్లితే దారం ఎక్కువ పడుతుంది, బరువూ ఎక్కువే. ఆవిడకి వచ్చింది రెండు సూదుల పని, పెళ్లి ముందు కొత్త విద్య నేర్చుకోమంటారా?

లాసన్స్ బే అల్లిక:
నాదీ ఊలు ఓటే. చదరం మాత్రం మానేయండి అక్కా. దానికి అంచు అల్లి చుట్టూ కలపడానికే బోలెడు టైము పోతుంది, పెళ్లి పనులు మొదలయ్యాక మిమ్మల్ని సూది పట్టుకోనిచ్చేది ఎవరు? మెడ దగ్గర మొదలై పెరిగే త్రికోణం అయితే దారం అయిపోతున్నా, రోజులు అయిపోతున్నా ఎక్కడ కావాలంటే అక్కడ అంచు వేసి ముగించొచ్చు. వెనక వరసలన్నీ ఉత్త పర్ల్ (కన్నాలు లేని మామూలు ఉల్టా కుట్టు) ఉండే డిజైను చూసుకోండి, ఆ వరసలో కుట్లు లెక్కపెట్టుకుంటే తేడా అప్పటికప్పుడు దొరుకుతుంది. వెదురు సూదులు వాడండి, స్టీలు మీద పట్టు కలిసిన దారం జారుతుంది.

డిజైను ఒక్కో రిపీట్ పూర్తవగానే లైఫ్‌లైన్ వెయ్యాల్సిందే. సూది మీదున్న కుట్లన్నిటిలోంచి కుట్టు సూదితో సన్నటి నున్నటి దారం దూర్చి వదిలేయడమే, తప్పు వస్తే అక్కడిదాకా ధైర్యంగా విప్పుకోవచ్చు. గుర్తుకి సూదికి తగిలించే మార్కర్ రింగుల్లోంచి మాత్రం పోనివ్వకండి, ఇరుక్కుపోతాయి. తెల్ల దారమే వాడండి, ఎర్రది పెడితే తడిపినప్పుడు రంగు దిగితే అంతే సంగతులు.

ఇంకోటి, ఇది మన సముద్రం పక్కవాళ్లకే. ఇంట్లో ఉన్న గుండు సూదులతో ఆరబెట్టకండి. ఈ ఉప్పు గాలికి అవి ముందే తుప్పు పట్టి ఉంటాయి, తడి శాలువా మీద గోధుమరంగు చుక్కలు పడితే పోవు. స్టెయిన్‌లెస్ స్టీలువి తెప్పించుకోండి. డాబా మీద ఎండలో కాదు, గదిలో పరుపు మీద దుప్పటి పరిచి ఫ్యాను కింద, పూర్తిగా ఆరేదాకా పిన్నులు తియ్యొద్దు.

రంగు మీగడ రంగు పెట్టండి, అత్తగారికీ అభ్యంతరం ఉండదు. పీటల మీద మాత్రం కప్పనివ్వకండి. వంకీలు, వడ్డాణం, గాజులు, అన్నీ లేసు కన్నాల్లో చిక్కుకునేవే, పైన పసుపు కుంకుమలు. ఏసీ హాల్లో రిసెప్షన్ అయితే సరే.

ఊలుబంతి:
సరే, ఊలు, త్రికోణం, మీగడ రంగు. కొక్కెంసూది గారూ, కోప్పడకండి, మీ మాట విని పెళ్లికూతురి టేబుల్ మ్యాట్లు నర్సాపురానివే కొంటాను. అయిపోయాక పెళ్లిదాకా బీరువాలో కలరా ఉండలు వేసి దాచనా?

గాజువాక కోడలు:
అయ్యో, ఆ ఉండలు వద్దు! ఆ వాసన ఊలుకి పట్టిందంటే ఎడిన్‌బరో దాకా వదలదు. బాగా ఆరాక ఉతికిన పాత నూలు పంచెలో వదులుగా చుట్టి, ఎండిన వేపాకు చిన్న గుడ్డసంచిలో కట్టి పక్కన పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం మూట కట్టొద్దు, ఇక్కడి తేమకి ముక్కవాసన వస్తుంది. ముసురు పట్టని రోజు చూసి అప్పుడప్పుడూ తీసి గాలికి విదిలించి, మడతలు మార్చి పెట్టండి.